మూడు దిండ్లు

ముప్ఫై మూడేళ్ళు గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పాను. మబ్బు ఎలా పుడుతుందో, మంచు ఎలా పడుతుందో కొన్ని వేలమందికి బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పి ఉంటాను. అందుకే కాబోలు, 2025 ఉగాదికి అమెరికాలో మా చెల్లెలి ఇంట్లో దిగిన మర్నాడు పొద్దున్నే తను నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళి, ఆకాశం చూపించి, "చూడక్కా, మళ్ళీ చల్లారు" అంటే నాకు నవ్వొచ్చింది. చెల్లెలు చెయ్యి వదిలేసింది.

టెన్నెసీ రాష్ట్రంలో నాష్‌విల్ శివార్లలో వాళ్ళ ఇల్లు. పెరటి వెనక ఓక్ చెట్లు, ఆ పైన ఎంతో ఆకాశం. అందులో నిలువుగా ఒకటి, దానికి అడ్డంగా రెండు తెల్లటి చారలు. ఒకటి అప్పటికే ఏకిన దూదిలా విచ్చుకుని పల్చటి మబ్బవుతోంది. చిన్నప్పుడు "రాకెట్టు పోతోంది" అని అరుచుకుంటూ డాబా మీదికి పరిగెత్తి చూసినవే. కానీ చెల్లెలి దృష్టిలో అవి విమానం వదిలిన ఆవిరి కాదు. ప్రభుత్వమో, సైన్యమో, కోటీశ్వరులో రహస్యంగా జనం మీద చల్లిస్తున్న అల్యూమినియం, బేరియం. వాటికి కెమ్‌ట్రెయిల్స్ అని పేరు. మామూలు విమానం చార వెంటనే చెరిగిపోతుందనీ, గంటల తరబడి నిలిచేది మందు చారేననీ నమ్మేవాళ్ళ లెక్క. చారలు ఎక్కువున్న రోజు చెల్లెలు కిటికీలన్నీ మూసేస్తుంది. నాలుగేళ్ళ మనవరాలు వస్తే పెరట్లోకి పోనివ్వదు. తనకి ఆయాసం వచ్చేది ఆ రోజుల్లోనేనట. గట్టు మీద మూత లేని ఊరగాయ జాడీ ఒకటి పెట్టింది, వాననీళ్ళు పట్టి పరీక్షకి పంపడానికి. ఎప్పుడో అమ్మ మాగాయ పెట్టి పంపిన జాడీ అది.

మా చెల్లెలు చదువు లేనిది కాదు. ఎమ్మే చదివింది. పెళ్ళయి వచ్చి, ఇద్దరు పిల్లల్ని పెంచి, పదిహేనేళ్ళు స్కూలు లైబ్రరీలో పనిచేసింది. ఏదైనా కాగితం దొరికితే చివరిదాకా చదివే మనిషి. కెమ్‌ట్రెయిల్స్ గురించి కూడా అట్లాగే చదివింది. 1996లో అమెరికా వైమానిక దళానికి చెందిన అధికారులు కొందరు, 2025 కల్లా వాతావరణాన్ని యుద్ధసాధనంగా వాడుకోవడం ఎలా అని ఒక పత్రం రాశారు. అది ఊహాపత్రం, జరిగిన పని కాదు. 1999 ప్రాంతంలో ఆర్ట్ బెల్ అనే ఆయన అర్ధరాత్రి రేడియో కార్యక్రమంలో ఈ చారల కథ దేశమంతా పాకింది. 2000లో నాలుగు ప్రభుత్వ సంస్థలు కలిసి, ఇవి గడ్డకట్టిన నీటిచారలేనని వివరంగా ఒక పత్రం అచ్చువేశాయి. నమ్మేవాళ్ళకి అది ఇంకో రుజువైంది. ఏమీ లేకపోతే నలుగురు కలిసి ఎందుకు చెప్పాలి?

"ఆ పత్రంలో ఏ సంవత్సరం రాశారో చూశావుగా. 2025. ఇప్పుడు ఏ సంవత్సరం?" అంది చెల్లెలు.

దీనికి ఫిజిక్సులో జవాబు లేదు.

నేను మాత్రం పాఠం మొదలుపెట్టాను. ఒక కిలో విమాన ఇంధనం కాలితే సుమారు 1.25 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున చలి మైనస్ నలభై డిగ్రీలకీ దిగువన ఉంటుంది. ఆ ఆవిరి క్షణంలో మంచు రవ్వలైపోతుంది. పుష్యమాసపు పొద్దున నోట్లోంచి వచ్చే పొగ లాంటిదే. ఇక కొన్ని ఎందుకు చెరిగిపోతాయి, కొన్ని ఎందుకు నిలుస్తాయి? మేలో ఆరేసిన చీర అరగంటలో ఆరుతుంది. అదే చీర శ్రావణంలో ముసురు పట్టినప్పుడు సాయంత్రానికీ తడిగానే ఉంటుంది. పైన గాలిలో తేమ నిండుగా ఉంటే మంచు రవ్వలు ఆవిరవక్కర్లేదు, పైగా ఇంకా పెరుగుతాయి. ఒకే రోజున రెండు విమానాలు వేర్వేరు ఎత్తుల్లో పోతే ఒకదాని చార నిలుస్తుంది, ఇంకోదానిది పోతుంది. వాననీటిలో అల్యూమినియం అంటావా, భూమి పైపొరలో ఎనిమిది శాతం అదే. రోడ్డు మీద దుమ్ము జాడీలో పడితే చాలు.

ఇదంతా నిజం. ఇప్పటికీ ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను.

చిక్కేమిటంటే, ఆ ఇంట్లో ఇదే నిజం నాకన్నా ముందు చెబుతున్నవాడు ఒకాయన ఉన్నాడు. మా మరిది. ఇంజనీరు. ఉగాది పచ్చడి తినడానికి వచ్చిన పది కుటుంబాల ముందు ఆయన చెల్లెల్ని "మా ఇంటి ఆకాశవాణి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నావైపు తిరిగి, "వదినగారూ, మీరైనా చెప్పండి. సైన్సు చదివినవాళ్ళు. ఈవిడ మాట వింటే మేం ఆక్సిజన్ సిలిండర్లు కొనుక్కోవాలి" అన్నాడు. నేను చెప్పాను, పదిమందిలో. మేలో ఆరేసిన చీర ఉపమానం బాగుందని ఎవరో మెచ్చుకున్నారు కూడా. చెల్లెలు వంటింట్లోకి వెళ్ళిపోయి గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది. నా జీవితంలో ఏ చర్చలోనూ మా మరిది పక్కన నిలబడింది లేదు. ఆవేళ నిలబడ్డాను, ఒప్పు ఆయన వైపే ఉంది కాబట్టి. ఆ ఒప్పు నోట్లో ఎంత చేదుగా ఉందో పచ్చట్లో వేపపువ్వు మీదకి నెట్టేశాను.

పక్కింటి పెద్దావిడకి డెబ్భై ఆరేళ్ళు. పుట్టింది, పెరిగింది టెన్నెసీలోనే. మధ్యాహ్నాలు చెల్లెలి దగ్గరికి వచ్చి కాఫీ తాగుతుంది. చారల సంగతి చెల్లెలికి మొదట చెప్పింది ఆవిడే. నేను ఆవిడతోనూ వాదించాను. 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు, వాతావరణంలోని రసాయనాల గురించీ మట్టి కాలుష్యం గురించీ తెలిసిన 77 మంది నిపుణులకి నమ్మేవాళ్ళు చూపించే ఫొటోలూ నీటి పరీక్షల లెక్కలూ పంపి అడిగారు. రహస్యంగా చల్లుతున్నట్టు తమకు ఏ ఆధారమూ తగల్లేదని 76 మంది చెప్పారు.

"ఆ ఒక్కరూ?" అంది పెద్దావిడ. చెల్లెలు నన్ను చూసి చిన్నగా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆ ఒక్కరు చెప్పింది, మట్టిలో బేరియం తక్కువగా ఉన్న మారుమూల చోట గాలిలో అది అనుకోనంత ఎక్కువ కనిపించిందని మాత్రమే. ఆ మాట చెప్పేలోపు ఆవిడ తన సంగతి ఎత్తుకుంది. ఆవిడ భర్త వియత్నాంలో పనిచేశాడు. 1962 నుంచి 1971 దాకా అమెరికా విమానాలు అక్కడి అడవుల మీద ఏజెంట్ ఆరెంజ్ లాంటి కలుపుమందులు చల్లాయి. మనుషులకేమీ కాదని చెప్పారు. ఇంటికొచ్చాక ఆయన ఒళ్ళంతా పుళ్ళు, తర్వాత కాన్సరు. ఆ మందుకీ ఈ జబ్బులకీ సంబంధం ఉండొచ్చని ఒప్పుకుంటూ చట్టం వచ్చేసరికి 1991 అయింది. "విమానంలోంచి చల్లింది వీళ్ళే. చల్లినదాంట్లో ఏమీ లేదన్నదీ వీళ్ళే. ఇరవయ్యేళ్ళు నా మొగుడికి నేను కట్లు కట్టాను. ఇప్పుడు నీ 76 మందిని నేను నమ్మాలా?" అంది.

నేను కాఫీ తాగాను.

ఆ రాత్రి చెల్లెలు నన్నొక మాట అడిగింది. "అమ్మ పత్తి రోజులు గుర్తున్నాయా?"

గుర్తులేకేం. మాది ప్రత్తిపాడు వైపు ఊరు. పత్తి వచ్చిన కొత్తలో నాన్న వారానికోసారి మందు కొట్టేవాడు. వీపున పంపు, కాళ్ళకి చెప్పుల్లేవు, ముక్కుకి తువ్వాలు. సాయంత్రం ఆ బట్టలు ఉతికేది అమ్మ. మందు కొట్టిన మర్నాడే అచ్చుల్లో కలుపుకి దిగేదీ అమ్మే. ఆ రోజుల్లో అమ్మకి తలపోటు, వాంతులు, చేతులు వణుకు. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు నాడి చూసి నవ్వుతూ, "మళ్ళీ నెల తప్పావేమో చూసుకో తల్లీ" అన్నాడు. అప్పటికి అమ్మకి ఆపరేషనై ఆరేళ్ళు. అది చెబితే, "అయితే నరాల బలహీనత" అని ఎర్ర సీసా ఇచ్చాడు. మందు కొట్టిన రోజే వస్తోందని అమ్మ ఒకటికి పదిసార్లు చెప్పింది. నాన్న కూడా "నీకన్నీ అనుమానాలే" అన్నాడు. 1987లో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి సర్వనాశనమై, రైతులు ఆ మందే తాగి చచ్చిపోతున్నప్పుడు గానీ అది విషం అన్న మాట మా ఊళ్ళో ఎవరి నోటా గట్టిగా రాలేదు.

"అమ్మ చెప్పింది నిజమే కదా. నేను చెబితే నవ్వుతావేం?" అంది చెల్లెలు.

స్త్రీల అనుభవాన్ని జ్ఞానంగా గుర్తించాలని నేను ఎన్నో సభల్లో మాట్లాడాను. ఈ పత్రికలోనే రెండుసార్లు రాశాను. ఇప్పుడు నా తోడబుట్టినదే తన ఒంటి అనుభవాన్ని నా ముందు పెట్టి లెక్క తేల్చమంటోంది. నాకు దొరికిన జవాబు కాసరగోడ్. అదింకా సరైన జవాబేననుకుంటున్నాను. కేరళలో కాసరగోడ్ జిల్లా జీడిమామిడి తోటల మీద ప్లాంటేషన్ కార్పొరేషన్ రెండు దశాబ్దాలకు పైగా, 2000 దాకా, హెలికాప్టరుతో ఎండోసల్ఫాన్ చల్లించింది. ఆ మందు కింది వాగుల్లో, బావుల్లో పడింది. పిల్లలు వైకల్యాలతో పుడుతున్నారని తల్లులు మొత్తుకున్నారు. వ్యవసాయశాఖలో చిన్న ఉద్యోగిని లీలాకుమారి అమ్మ సొంత శాఖ ఏమంటుందోనని చూడకుండా కోర్టుకెక్కి ఆ చల్లకాన్ని ఆపించింది. 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఆ మందును నిలిపేసింది. అక్కడి ఆడవాళ్ళనీ పిచ్చివాళ్ళన్నారు. కానీ వాళ్ళ మాటలో హెలికాప్టరుంది, అది వచ్చే తేదీ ఉంది, యజమాని పేరుంది, మందు డబ్బా ఉంది, నీళ్ళు తోడిన బావి ఉంది. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. అబద్ధమైతే తేలిపోయేది. అమ్మ మాటలోనూ అంతే. నాన్న చొక్కా ఉంది, మందు కొట్టిన రోజుంది.

చెల్లెలి చారల్లో అలాంటిదేదీ లేదు. కొన్ని వేల విమానాలు, వాటిలో మందు నింపే మనుషులు, ఇంధనం కొలిచేవాళ్ళు, పైలట్లు, అందరూ ముప్ఫై ఏళ్ళుగా నోరు మూసుకుని ఉండాలి. వాళ్ళూ వాళ్ళ పిల్లలూ ఇదే గాలి పీల్చాలి. ప్రభుత్వాలు దొంగపనులు చెయ్యవని కాదు. సెయింట్ లూయిస్ నగరంలో 1950లలో, 60లలో సైన్యం పేద నల్లవాళ్ళ పేటల్లో జింక్ కాడ్మియం సల్ఫైడ్ పొడి వెదజల్లి ఎలా వ్యాపిస్తుందో చూసుకుంది. ఊరి పెద్దలకి చెప్పింది పొగతెర పరీక్ష అని. ఆ సంగతిని లీసా మార్టినో టేలర్ అనే సామాజిక శాస్త్రవేత్త పాత దస్తావేజులు తిరగేసి మళ్ళీ వెలికి తెచ్చింది. ఆకాశంలోకి చూసి కాదు, కాగితాలు చూసి. ఇదంతా చెప్పాను. చారలు బొత్తిగా నిరపాయం కూడా కావనీ, రాత్రిపూట భూమి వేడిని బయటికి పోనివ్వకుండా ఆపుతాయనీ, విమానాల వల్ల పెరిగే వేడిలో వాటి వాటా పెద్దదని శాస్త్రజ్ఞులే అంటున్నారనీ చెప్పాను. ఎండని తగ్గించడానికి పై గాలిలో పొడి చల్లుదామని హార్వర్డ్ వాళ్ళు వేసిన పథకం దాచిపెట్టినదేమీ కాదు. 2021లో స్వీడన్‌లో బెలూను ఎగరేద్దామంటే అక్కడి సామీ ఆదివాసులు అడ్డుపడ్డారు, 2024లో పథకమే మూసేశారు. కొట్లాడవలసింది ఇలాంటివాటితో అన్నాను.

"మరి మా రాష్ట్రంలో చట్టం ఎందుకు చేశారు?" అంది. నిజమే. 2024లో టెన్నెసీ శాసనసభ, ఎండనో వానో మార్చే ఉద్దేశంతో గాలిలోకి రసాయనాలు వదలడాన్ని నిషేధించింది. ఆ చట్టంలో కెమ్‌ట్రెయిల్ అన్న మాటే లేదు. అయినా లేని దెయ్యానికి తాయెత్తు కడితే దెయ్యం ఉన్నట్టే కదా. రెండు వారాలు ఇట్లాగే గడిచాయి, రోజుకో కాగితం తను తెచ్చి, రోజుకో పాఠం నేను చెప్పి.

ఒకరాత్రి రెండు గంటలప్పుడు మంచినీళ్ళకని లేచాను. హాల్లో దీపం లేదు. సోఫాలో ఎవరో కూచున్నట్టు కనిపిస్తే ఉలిక్కిపడ్డాను. చెల్లెలు. వీపు వెనక మూడు దిండ్లు పెట్టుకుని నిటారుగా కూచుని నోటితో గాలి పీలుస్తోంది.

"పడుకుంటే ఊపిరాడదక్కా. ఇవాళ బాగా చల్లి ఉంటారు."

ఆ పగలంతా దట్టంగా మబ్బు. ఆకాశంలో ఒక్క గీతా కనపడలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారి మాత్రం అనలేదు. పక్కన కూచుని ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. మూడేళ్ళ నుంచట. మొదట్లో మెట్లెక్కితే వచ్చేది. తర్వాత బట్టల బుట్ట మోస్తే. ఇప్పుడు ఒట్టినే పడుకున్నా వస్తోంది. డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళింది. ఒకాయన ఆందోళన అని మాత్రలు రాశాడు. ఇంకోచోట, బహిష్టులు ఆగిన వయసులో ఇవన్నీ మామూలే, బరువు తగ్గమన్నారు. వాళ్ళెవరికీ చారల సంగతి చెప్పలేదు. చెబితే ఆ ఆందోళన మాత్రలే ఇంకో డబ్బా ఇస్తారని తెలుసు. మూడోసారి వెళ్ళలేదు. పక్కింటి పెద్దావిడ ఒక్కతే, "నాకు తెలుసు, నువ్వు అబద్ధం చెప్పడం లేదు" అంది.

అంటే, మా చెల్లెలు మూడు దిండ్లతో పడుకుంటోందని ఇంట్లో ఉండి రెండు వారాలుగా నాకు తెలియలేదు. పైన గాలిలో తేమ శాతం గురించి మాట్లాడుతున్నాను.

మెట్లు, బుట్ట, పడుకుంటే ఊపిరాడకపోవడం. అవి చెబుతుంటే నాకు వావిలాకు వాసన వచ్చింది. చెల్లెలికి పదేళ్ళప్పుడు జ్వరం వచ్చి మోకాళ్ళు, మడమలు ఒకదాని తర్వాత ఒకటి వాచాయి. అమ్మ వావిలాకు ఉడికించి నెలరోజులు కాపడం పెట్టింది. వాపులు పోయాయి, స్కూలుకి వెళ్ళింది, అందరం మర్చిపోయాం. కీళ్ళవాతం జ్వరం. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై, కీళ్ళని వదిలేసి గుండె కవాటాల్ని పట్టుకుంటుంది. ఇరుకిళ్ళలో, లేనివాళ్ళ పిల్లల్లో ఎక్కువ. ఏళ్ళ తరబడి పెన్సిలిన్ ఇంజక్షన్లు వేయించాలి. మాకెవరూ చెప్పలేదు. అమెరికాలో ఇప్పుడు అరుదు గనక ఇక్కడి డాక్టర్లకి తట్టలేదు. చిన్నప్పుడు పెద్ద జబ్బులేమైనా చేశాయా అని వాళ్ళు ఫారంలో అడిగితే, రెండుచోట్లా లేదని రాసింది చెల్లెలు. వావిలాకుతో పోయినదాన్ని పెద్ద జబ్బని ఎవరనుకుంటారు?

ఈసారి ఇద్దరం వెళ్ళాం. చిన్నపిల్లలా ఉన్న డాక్టరమ్మ. నేను కీళ్ళ జ్వరం సంగతి చెప్పగానే చెల్లెల్ని ఎడమవైపుకి తిరిగి పడుకోమని, స్టెతస్కోపు పెట్టి కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది. ఎకో తీశారు. గుండెకి ఎడమవైపు మైట్రల్ కవాటం బాగా సన్నబడిపోయింది. రక్తం ముందుకి పోలేక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి ఆయాసం. చెల్లెలు తెర మీద తన కవాటం తెరుచుకోలేక తెరుచుకోవడం చూస్తూ, "అయితే నేను కల్పించుకోలేదుగా" అంది. డాక్టరమ్మకి అర్థం కాలేదు. మా మరిదికి అర్థమైంది. తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు.

మే నెలలో తొడ దగ్గర రక్తనాళంలోంచి బెలూను పంపి కవాటాన్ని విడదీశారు. వారానికల్లా ఒక దిండుతో పడుకుంది. జూన్‌లో బట్టల బుట్ట ఎత్తుకుని మెట్లెక్కి పైనుంచి నన్ను పిలిచి చూపించింది. పక్కింటి ఆవిడ పీచ్ పళ్ళు పట్టుకొచ్చింది. జులైలో అమెరికా పర్యావరణ సంస్థ చారల గురించి ప్రశ్నలూ జవాబులూ కొత్తగా ప్రకటిస్తే ఇద్దరూ కలిసి చదువుకుని, ఇదీ కప్పిపుచ్చడమేనని తేల్చారు. జాడీ గట్టు మీదే ఉంది.

"గుండె సంగతి వేరు, అది తేలింది. గీతల సంగతి వేరు" అంది చెల్లెలు. మనవరాలిని మాత్రం పెరట్లోకి వదులుతోంది. తనే వెనకాల పరిగెత్తగలుగుతోంది మరి.

ఆగస్టులో తిరుగుప్రయాణం. గుంటూరు చేరిన రెండోరోజు ఫోను చేసింది. నా విమానం బయల్దేరిన టైము చూసుకుని పెరట్లో నిలబడిందట. సరిగ్గా ఇంటిమీదుగా వెళ్ళిందట.

"గీత పడలేదక్కా. చివరిదాకా చూశాను."

"అప్పుడే లేచిన విమానం కదే. అంత కింద చలి చాలదు, గీత పడదు."

"కాదు. అందులో నువ్వున్నావని" అంది. నవ్వుతోందో లేదో ఫోనులో తెలియలేదు.